ఫైలు మూసే అధికారం

మా ఆఫీసులో ఫైలు తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను తెరవచ్చు, గుమస్తా తెరవచ్చు, దారి తప్పి లోపలికి వచ్చిన మనిషి చేత ఒక అర్జీ రాయించుకుని కూడా తెరవచ్చు. మూయడానికి మాత్రం జాయింట్ డైరెక్టర్ గారి సంతకం కావాలి. సూపరింటెండెంటుగా, అంతకుముందు గుమస్తాగా, మొత్తం ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను తెరిచిన ఫైళ్ళకు లెక్క లేదు. మూసింది ఒక్కటీ లేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, నిబంధన అలాంటిది.

మాది పడవల రిజిస్ట్రేషన్ ఆఫీసు. సముద్రంలోకి వెళ్ళే ప్రతి పడవకూ ఏటా లైసెన్సు మేమే ఇవ్వాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు వేట ఆపేస్తారు. జూన్ పద్నాలుగుతో ఆ గడువు తీరుతుంది. పదిహేనో తేదీ పొద్దున లైసెన్సు ఉన్న పడవలు బయల్దేరతాయి, లేనివి ఒడ్డునే ఉంటాయి. అందుకని జూన్ మొదటి రెండు వారాలూ మా ఆఫీసు కిటకిటలాడుతుంది. సరిగ్గా అప్పుడే కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది.

రోజూ పదకొండూ నలభైకి ఆగిపోయేది, మర్నాడు పొద్దున ఆపి లేపేదాకా అంతే. తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చేది. దాని అర్థమేమిటని హిమబిందును అడిగాను. ఆ అమ్మాయి మా కాంట్రాక్టు ప్రోగ్రామరు. అరిచినా కసిరినా గొంతు పెంచదు, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది.

"తెరిచిన ఫైళ్ళు మరీ ఎక్కువయ్యాయి అంటోంది సార్."

నేను ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నోట్ ఫైల్లో ఎక్కించి జేడీ గారికి పెట్టాను. జేడీ ధర్మలింగం గారు దాన్ని మూడుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివారు.

"ఈ మాట అన్నదెవరు సాంబమూర్తీ?"

"కంప్యూటరండి."

"మన పెండింగు సంగతి దానికెవరు చెప్పారు?"

ఆయన బాధలో న్యాయం ఉంది. ధర్మలింగం గారికి డైరెక్టరుగా ప్రమోషను వచ్చింది. పదిహేనో తేదీన రాజధానిలో చేరాలి. తన పేరు మీద తెరిచిన ఫైళ్ళు లేవని చూపిస్తేగాని రిలీవు చెయ్యరు. ఎన్నో ఏళ్ళుగా ఆ కుర్చీ కోసం ఎదురుచూస్తున్న మనిషి. చివరి నిమిషంలో సొంత ఆఫీసు మిషనే ఇలా చాడీలు చెబితే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది.

హిమబిందును పిలిపించారు. ఇక్కడ ఆయన గది తలుపు గురించి ఒక మాట చెప్పాలి. ఆ గదికి ఏసీ ఉంది, తలుపుకు స్ప్రింగు లేదు. లాగి వేస్తేనే పడుతుంది. 'తలుపు వేయవలెను' అని దాని మీద మేమొక సర్క్యులర్ అంటించాం. ఎవరు వేయాలో అందులో లేదు. పని అయిన వాళ్ళు దండం పెట్టి, సంతోషంగా బయటికొచ్చి తలుపు లాగుతారు. 'ఇప్పుడు కాదు, పో' అని గుమ్మంలోనే కసిరించుకున్న వాళ్ళు అలాగే వెనక్కి తిరుగుతారు, తలుపు బార్లా తెరిచే ఉంటుంది. మధ్యాహ్నానికి ఏసీ చల్లదనమంతా వరండాలో ఉండేది. జేడీ గారు గదిలో ఉడికిపోతూ ఉండేవారు.

హిమబిందు ఆ తలుపునే చూపించింది.

"మన ప్రోగ్రామూ అంతే సార్. ఒక్కో అర్జీకి పడవ ఫోటో ఉన్న ఫైలు తెరుస్తుంది. ఫోటో బాగుంటే పని ముగించుకుని, ఫైలు మూసి వస్తుంది. ఫోటోలో నంబరు కనబడకపోతే 'చెల్లదు' అని చెప్పి అక్కణ్ణుంచే తిరిగొచ్చేస్తుంది. ఫైలు మూయడం మర్చిపోతుంది. అలా వెయ్యిన్నీ ఇరవై నాలుగు పోగయ్యేసరికి ఇంకొకటి తెరవలేక ఆగిపోతోంది."

"మరి రేవులో కౌంటరు దగ్గర మిషను ఆగడం లేదుగా?"

"అది వేరే రకం మిషన్ సార్. ప్రోగ్రాము మాత్రం ఒకటే, పోర్టబుల్. ఎక్కడైనా నడుస్తుంది. అక్కడ మిషను ఆగదుగాని, తెరిచి వదిలేసిన ఫైలును ఎవర్నీ ముట్టుకోనివ్వదు. తప్పు ఒకటే, రెండు చోట్ల రెండు రకాలుగా బయటపడుతోంది. తిరిగొచ్చే దారిలో కూడా మూయమని ఒక్క లైను రాస్తే సరిపోతుంది." నోటుపుస్తకం తెరిచి ఆ లైను చూపించింది. అప్పటికే రాసుకునే వచ్చింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. జేడీ గారి మొహం మాత్రం మెల్లగా మారిపోయింది.

"అంటే... మిగతా ఫైళ్ళను ఇన్నాళ్ళూ మూస్తున్నది ఎవరు?"

"ప్రోగ్రామే సార్."

"ఎవరి ఉత్తర్వు మీద?"

హిమబిందు నా వైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

"ఎన్ని మూసింది?"

"మొదలుపెట్టినప్పటి నుంచి రెండు లక్షల పైచిలుకు ఉంటాయి సార్."

జేడీ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన తన సర్వీసు మొత్తంలో మూసినవి పద్నాలుగు.

ఆ సాయంత్రమే మెమో వచ్చింది. 'ఫైళ్ళను తెరిచి ఉంచుట కేవలం జాప్యము. అధికారము లేకుండా మూయుట క్రమశిక్షణా రాహిత్యము. మొదటిది క్షంతవ్యము, రెండవది కాదు. కావున సదరు ప్రోగ్రాము మూయుటను తక్షణమే నిలుపుదల చేయవలెను.' దాన్ని నేనే డ్రాఫ్టు చేశాను. భాష బాగా కుదిరిందని జేడీ గారు మెచ్చుకున్నారు. హిమబిందు మూసే లైన్లన్నీ ఆపేసింది. మర్నాటి నుంచి కంప్యూటరు పదకొండూ నలభైకి కాక పదీ ఇరవైకే ఆగిపోసాగింది.

అదే మెమోలో రెండో పేరా పోర్టబుల్ గురించి. సదరు ప్రోగ్రాము చేతపట్టుకుని పోదగినదని తెలియవచ్చినందున, దాన్ని ఆఫీసు నుంచి రేవుకు ఎవరు, ఎప్పుడు, ఏ గేటు పాసు మీద తీసుకెళ్ళారో సంజాయిషీ అడిగాం. హిమబిందు మూవ్‌మెంట్ రిజిస్టరులో బుద్ధిగా ఎక్కించింది. 'బరువు' అన్న గడిలో 'లేదు' అని రాసింది. 'తిరిగి తెచ్చిన తేదీ' అన్న గడిలో 'ఇక్కడా ఉన్నది' అని రాసింది. దాని మీద ఇంకో ఫైలు తెరిచాం.

గరికిన నూకరత్నం మా ఆఫీసుకు మొదట వచ్చింది ఆ రోజుల్లోనే. నలభై అయిదేళ్ళ మనిషి, ఫైబరు బోటు యజమానురాలు. రేవు కౌంటర్లో అర్జీ పెట్టుకుంది. ఫోటోలో బోటు మీద వల ఆరేసి ఉండడంతో నంబరు కనబడలేదు. మిషను చెల్లదంది. ఆమె వల తీసి కొత్త ఫోటో తీయించుకుని వెళ్తే, పాత దాని స్థానంలో కొత్తది ఎక్కనంది.

"సూపర్నెంటుగారండీ, నా ఫైలు ఎవుళ్ళో వాడుతున్నారంటండి. ఆళ్ళు వదిలితేనేగానీ నా పోటో ఎక్కదంట. ఎవుళ్ళండీ ఆళ్ళు? కాస్త సెబితే నేనే ఎల్లి అడుక్కుంటాను."

ఎవరూ వాడటం లేదనీ, మిషను తెరిచి వదిలేసిందనీ చెప్పాను. ఆమె జేడీ గారి గదిలోకి వెళ్ళింది. ఆయన ఫోనులో ఉన్నారు, గుమ్మంలోనే చెయ్యి ఊపి పొమ్మన్నారు. ఆమె వెనక్కి తిరిగి, తలుపు లాగి, గడియ సరిగా పడిందో లేదో చూసుకుని మరీ వచ్చింది. నేను చూశానుగాని, అప్పుడు పట్టించుకోలేదు.

"కౌంటరు బాబు ఒక ఉపాయం సెప్పాడండి," అంది బయటికొచ్చాక. "కరెంటు పోతే మిసను అన్నీ వదిలేత్తదంట. అందుకని రేవులోనే కూకుంటన్నానండి, ఎప్పుడు పోద్దా అని. బోటు మీద అయిదు ఇళ్ళు బతకాలండి. రెండు నెల్ల బట్టి పొయ్యిలో పిల్లి లేవలేదు. పదేనో తారీకు ఏటకెళ్ళకపోతే మా బోటోళ్ళు ఇంకో బోటెక్కేత్తారండి. మళ్ళీ ఈ యేడు మనుసులు దొరకరు."

కరెంటు పోవాలని మొక్కుకుంటున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది కూడా.

కరెంటు ఉపాయాన్ని నేను జేడీ గారి దృష్టికి తీసుకెళ్ళాను. ఆమెకు మేలు చేద్దామనే తీసుకెళ్ళాను, నమ్మండి. మిషను ఒకసారి ఆపి పెడితే ఫైళ్ళన్నీ వాటంతట అవే మూతపడతాయట, రేవులోది ఒక్కసారి ఆపమంటారా అని అడిగాను.

ఆయన చేతిలో పెన్ను బల్ల మీద పెట్టారు.

"అంటే కరెంటు పోయినప్పుడల్లా మన ఫైళ్ళు మూతపడుతున్నాయన్నమాట."

"అవునండి."

"ఆ అధికారం విద్యుత్ శాఖకు ఎవరిచ్చారు సాంబమూర్తీ? లైన్‌మ్యాన్ స్తంభమెక్కి ఫ్యూజు పీకితే, అది జాయింట్ డైరెక్టర్ సంతకంతో సమానమా?"

విద్యుత్ శాఖకు ఘాటుగా లేఖ వెళ్ళింది. మర్నాటికే రెండు మిషన్లకూ పెద్ద పెద్ద బ్యాటరీలు వచ్చాయి. కరెంటు ఉన్నా పోయినా ఇక మిషను ఆగే ప్రసక్తి లేదు. దాన్ని ఎవరూ చేత్తో ఆపకుండా స్విచ్చు మీద సీలు కూడా వేశాం. నాలుగో తేదీ సాయంత్రం రేవులో గంటసేపు కరెంటు పోయింది. నూకరత్నం పరుగెత్తుకుంటూ కౌంటరుకు వెళ్ళిందట. రేవంతా చీకటిగా ఉంది, మిషను మాత్రం దేదీప్యమానంగా వెలుగుతోందట.

మిషన్లను ఆపి లేపే వీల్లేక, ఆ తర్వాత అయిదు రోజులు ఒక్క లైసెన్సూ రాలేదు. ఆఫీసు ముందు జనం పెరిగారు. పై నుంచి ఫోన్లు వచ్చాయి. అప్పుడు జేడీ గారు ఒక మెట్టు దిగి, మూయడానికి ఒప్పుకున్నారు, పద్ధతి ప్రకారం. ప్రతి ఫైలుకూ మిషను ఒక చీటీ ముద్రించాలి. 'ఈ ఫైలును మూయుటకు అనుమతి కోరడమైనది.' దాని మీద ఆయన సంతకం చేసి ఏ తరగతో వేస్తారు. ఎల్.డిస్. అంటే ఏడాదికి చింపేసేది, డి.డిస్. అంటే పదేళ్ళు ఉంచేది, ఆర్.డిస్. అంటే కలకాలం ఉంచేది. పడవ ఫోటో తాత్కాలిక కాపీ మాత్రమేనని, అర నిమిషం కన్నా ఉండదని హిమబిందు చెప్పింది. అర నిమిషానికి తరగతి లేదు. ఎల్.డిస్. కిందే వేద్దామన్నారు.

"ఇంకొకటి సాంబమూర్తీ. తెరిచిన ఫైళ్ళన్నీ ఎవరి అధీనంలో ఉన్నాయో అందులో కనిపించాలి. నా పేరు, హోదా పెట్టించు. అనాథల్లా ఉండకూడదు."

హిమబిందు పేరు పెట్టింది, చీటీ పెట్టింది. మొదటి రోజు నలభై చీటీలు వచ్చాయి. జేడీ గారు ఉత్సాహంగా సంతకాలు పెట్టారు. అయినా తెరిచిన ఫైళ్ళు ఒక్కటీ తగ్గలేదు.

"చీటీ ముద్రించాలంటే మిషను దానికోసం ఇంకో ఫైలు తెరవాలి సార్," అంది హిమబిందు. "దాన్ని మూయాలన్నా మీ అనుమతే కావాలి. దానికో చీటీ."

"ఆ చీటీకి?"

"ఇంకో ఫైలు సార్."

ఇలాంటప్పుడు మామూలు మనిషైతే బెదిరిపోతాడు. ధర్మలింగం గారు బెదరలేదు. చీటీలకు చీటీలు అనే ప్రత్యేక సెక్షను పెట్టి ఇద్దరు గుమస్తాలను వేశారు. పన్నెండో తేదీకల్లా నా టేబులు మీద హిమబిందు కనపడనంత ఎత్తున చీటీలు లేచాయి. అవతలి నుంచి ఆమె గొంతు మాత్రం వినిపించేది. ఆ లైను ఇంకా తన పుస్తకంలోనే ఉందని రోజుకొకసారి గుర్తు చేసేది.

నూకరత్నం రోజూ వచ్చేది. రోజూ జేడీ గారి గుమ్మం దాకా వెళ్ళేది, కసిరించుకునేది, తలుపు వేసి వచ్చేది. రావడం మాత్రం మానలేదు. పదమూడున వచ్చినప్పుడు బల్ల మీద ఊరికే కూర్చుంది. ఇద్దరు మనుషులు అప్పుడే వేరే బోటుకు మాటిచ్చేశారట. మిగతా ముగ్గురూ రేపు సాయంత్రం దాకా చూస్తామన్నారట. నాకు నిజంగా బాధేసింది. బాధ వేసినప్పుడు నేను చేసే పని ఒకటే, నోట్ రాయడం. రాశాను. అది చీటీల కింద ఎక్కడో పడిపోయింది.

పద్నాలుగున మధ్యాహ్నం మూడింటికి రాజధాని నుంచి జేడీ గారికి వర్తమానం వచ్చింది. ఆయన పేరు మీద వెయ్యిన్నీ ఇరవై నాలుగు ఫైళ్ళు తెరిచి ఉన్నట్టు కంప్యూటరు చూపుతోందనీ, సాయంత్రం అయిదుకల్లా అవి లేకుండా చూపకపోతే రిలీవు చేయలేమనీ, ఆ ప్రమోషను సీనియారిటీలో తర్వాతి వారికి వెళ్తుందనీ.

జేడీ గారు నన్ను పిలిచారు. ఆయన మొహం చూసి జాలేసింది.

"ఏమిటయ్యా ఇది? ఇవి ఎవరు తెరిచారు?"

"మిషనండి."

"నా పేరెలా వచ్చింది?"

"తమరే పెట్టించారండి. అనాథల్లా ఉండకూడదని."

సరిగ్గా అప్పుడే నూకరత్నం తలుపు తీసుకుని లోపలికి తల పెట్టింది. ఆయన అలవాటుగా "ఇప్పుడు కాదు" అన్నారు. ఆమె అలవాటుగా వెనక్కి తిరిగి తలుపు లాగింది. గడియ టక్కుమని పడింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఏసీ చల్లగా తగులుతోంది. జేడీ గారు ఆ తలుపు వైపు చాలాసేపు చూశారు.

"ఆవిణ్ణి పిలు."

ఆమె వచ్చి నిలబడింది.

"రోజూ నీ పని కాకుండానే పంపిస్తున్నాం కదా. తలుపు ఎందుకు వేస్తున్నావు? నీకెవరు చెప్పారు?"

నూకరత్నం తప్పు చేసిన దానిలా కంగారుపడింది.

"ఎవుళ్ళూ సెప్పలేదండి. తీసింది నేనే గదండీ?"

"పని కాలేదుగా?"

"పని కాకపోతేనేటండి? తలుపు మాత్రం నేను తీసిందేగా. ఏసీ పోద్ది గదండి."

ఆయనకు ఎక్కువ సేపేమీ పట్టలేదు. గోడ గడియారంలో మూడూ ఇరవై. ధర్మలింగం గారి కళ్ళలో ఒక వెలుగు కనిపించింది. అది జ్ఞానోదయమో, డైరెక్టరు కుర్చీయో నాకు తెలియదు.

"రాసుకో సాంబమూర్తీ. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, మూసే అధికారాన్ని బదలాయిస్తున్నాం. ఈ కార్యాలయంలో ఏ ఫైలునైనా, ఏ తలుపునైనా, తెరిచినవారే, పని జరిగినా జరగకపోయినా, వెళ్ళే ముందు మూయవలెను. ఇతరులకు సంబంధము లేదు. ఇది తక్షణం అమలులోకి వస్తుంది."

"ఫైలు తెరిచింది మిషనైతే?"

"మిషనే మూయాలి. ఆపైన నన్నడక్కు."

హిమబిందు చీటీల వెనక నుంచి లేచింది. నోటుపుస్తకం తీసి, పన్నెండు రోజుల కిందటి పేజీ తిప్పి, ఆ లైను ఎక్కించింది. ఆపేసిన లైన్లు మళ్ళీ పెట్టింది. స్విచ్చు సీలు నేనే విప్పాను. మూడూ యాభైకి రెండు మిషన్లూ ఆగి లేచాయి. తెరిచిన ఫైళ్ళు సున్నా. నాలుగూ పదికి నూకరత్నం కొత్త ఫోటో ఎక్కింది. నాలుగున్నరకు లైసెన్సు కాగితం వెచ్చగా ప్రింటరులోంచి వచ్చింది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, హిమబిందు బుగ్గలు పుణికి, నాకో దండం పెట్టి పరుగు తీసింది. ముగ్గురు మనుషులూ రేవులోనే ఉన్నారని తర్వాత తెలిసింది. వేరే బోటుకు మాటిచ్చిన ఇద్దరిలో ఒకడు కూడా తిరిగొచ్చాడట. ఆ రాత్రి మూడు వందల పదకొండు పడవలకు లైసెన్సులు ఇచ్చాం.

ధర్మలింగం గారు పూలదండ మెళ్ళో వేసుకుని, మా అందరి చేతులూ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ అయిదింటికి వెళ్ళిపోయారు. సంతోషంలో తలుపు బార్లా తెరిచే వెళ్ళారు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ తలుపు తెరిచింది ఆయన. ఉత్తర్వు ప్రకారం ఇతరులకు సంబంధం లేదు. కొత్త జేడీ గారు వచ్చి వారం రోజులు చెమటలు కక్కుతూ పనిచేశారు. వారు వచ్చేసరికే తలుపు తెరిచి ఉంది కాబట్టి వారికీ అధికారం లేదు. తమరు వీలు చూసుకుని ఒకసారి వచ్చి తలుపు వేసి వెళ్ళవలసిందిగా డైరెక్టరు గారికి సవినయంగా లేఖ రాశాం. పర్యటన కార్యక్రమంలో చేరుస్తామని జవాబొచ్చింది.

ఇరవై రెండో తేదీన నూకరత్నం వచ్చింది. చేతిలో సంచి ఉంది, నిండా చందువ చేపలు. హిమబిందుకిచ్చి వెళ్తూ వరండాలో ఆగింది.

"అయ్యో, ఏసీ అంతా బయటికి పోతందండీ," అని ఆ తలుపు లాగి, గడియ సరిచూసి వెళ్ళిపోయింది.

ఇది ఉత్తర్వుకు స్పష్టమైన ఉల్లంఘన. సంబంధం లేని వ్యక్తి, ఆఫీసు సిబ్బంది కూడా కాదు, వేరొకరు తెరిచిన తలుపును మూసింది. నేను నా సీట్లో కూర్చుని కొత్త ఫైలు తెరిచాను. విషయం రాశాను, తేదీ వేశాను, ఆమె పేరు రాశాను. లోపల గది చల్లబడుతోంది. అవతల హిమబిందు చేపల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక వెతుక్కుంటోంది. కాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. తర్వాత అట్ట వేసి, నాడా ముడి బిగించాను.

తెరిచింది నేనే కదా.